ఇరవై అంకెల సంఖ్య – ఒక లెక్కల మాష్టారు
(ఎదువార్ లూకా జీవితకథ)

తెలుగువాళ్లకీ లెక్కలకీ ఉన్న అనుబంధం గురించి ఈ సంచిక చదివేవారికి వేరే చెప్పనక్కరలేదు. ఎక్కాలు వల్లె వేయించిన పంతులుగారి బెత్తం దగ్గర్నుంచి ఎంట్రన్సు పరీక్షల కోచింగు దాకా మనలో చాలామందిని సముద్రాలు దాటించినది లెక్కల పుస్తకమే. అందుకే ఈసారి ఒక సంఖ్యను మీకు పరిచయం చేసి, దాని వెంట ఒక మనిషి జీవితంలోకి వెళ్దాం.

ఆ సంఖ్య ఇది: 18446744073709551615.

మొత్తం ఇరవై అంకెలు. మన లెక్కలో చెప్పాలంటే ఒక లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్ల పైచిలుకు. 2ని 64 సార్లు వేసి గుణించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తే వచ్చేది ఇదే. సాఫ్ట్‌వేర్ రంగంలో పనిచేసేవారు దీన్ని చూడగానే గుర్తుపడతారు. 64 బిట్ల గడిలో రుణ సంఖ్యల గొడవ లేకుండా పట్టే అతి పెద్ద పూర్ణాంకం ఇది. దీనికి ఇంకొక్కటి కలిపితే గడి పొంగిపోయి మళ్లీ సున్నాకి వస్తుంది.

కంప్యూటర్లు పుట్టకముందే ఈ సంఖ్యను ఇంటింటా పిల్లల ఆటగా మార్చిన ఫ్రెంచి లెక్కల మాష్టారు ఎదువార్ లూకా. ఇంగ్లీషు పుస్తకాల్లో లూకస్ అని కనిపిస్తుంది.

సైన్యం నుంచి తరగతి గదికి

లూకా 1842 ఏప్రిల్ 4న ఉత్తర ఫ్రాన్సులోని అమియెన్ పట్టణంలో పుట్టారు. చదువులో చురుకైనవాడు కావడంతో పారిస్‌లోని ఎకోల్ నార్మల్ సుపీరియర్‌లో సీటు సంపాదించారు. ఫ్రాన్సులో అధ్యాపకులను, పండితులను తయారుచేసే విద్యాసంస్థల్లో అది అగ్రశ్రేణిది. చదువు పూర్తయ్యాక పారిస్ ఖగోళ పరిశోధనాలయంలో ఉద్యోగం దొరికింది. అప్పుడు దాని అధిపతి లెవెరియె. నెప్ట్యూన్ గ్రహం ఆకాశంలో ఎక్కడ ఉండాలో కాగితం మీద లెక్కగట్టి చెప్పిన ఘనుడు ఆయనే.

1870లో ఫ్రాన్సుకూ ప్రష్యాకూ యుద్ధం వచ్చింది. లూకా ఫిరంగి దళంలో అధికారిగా పనిచేశారు. యుద్ధంలో ఫ్రాన్సు ఓడిపోయింది. తిరిగివచ్చిన లూకా మళ్లీ ఖగోళం వైపు వెళ్లకుండా ఉపాధ్యాయ వృత్తిలోకి దిగారు. మొదట మధ్య ఫ్రాన్సులోని ఒక పట్టణంలో, ఆ తర్వాత పారిస్‌లోని సెయింట్ లూయీ, షార్లెమాన్ లీసేలలో లెక్కలు చెప్పారు. లీసే అంటే మన ఇంటర్మీడియట్ కాలేజీ వంటిదని అనుకోవచ్చు. ఎన్ని గొప్ప ఫలితాలు సాధించినా, చివరిదాకా ఆయన లీసే మాష్టారుగానే ఉండిపోయారు.

ఫిరంగి దళం వదిలినా ఫిరంగి గుళ్లు మాత్రం ఆయన్ను వదల్లేదు. 1875లో ఒక చిక్కు ప్రశ్న వేశారు. గుళ్లను నాలుగు పలకల గోపురంలా పేర్చాలి: పైన 1, కింద 4, ఆ కింద 9, ఆ కింద 16, ఇలాగ. అన్నిటినీ నేల మీద పరిస్తే మళ్లీ సరిగ్గా ఒక చతురస్రం కావాలి. ఎన్ని వరుసలుంటే ఇది కుదురుతుంది? ఒకే ఒక్క గుండు ఉన్న సంగతి పక్కన పెడితే 24 వరుసలకే కుదురుతుందని లూకా చెప్పారు. మొత్తం 4900 గుళ్లు, నేల మీద పరిస్తే 70 వరుసలు, వరుసకు 70. ఇంకెక్కడా కుదరదని పూర్తిగా రుజువు చేయడానికి 1918 దాకా పట్టింది. వాట్సన్ అనే ఇంగ్లీషు గణితజ్ఞుడు ఆ పని చేశారు.

ముప్ఫై తొమ్మిది అంకెల ప్రధాన సంఖ్య

లూకా పేరు చరిత్రలో నిలిచిపోయింది 1876లో. దాని వెనక రెండు వందల ఏళ్ల కథ ఒకటుంది.

ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగింపబడని సంఖ్యను ప్రధాన సంఖ్య అంటాం. 2, 3, 5, 7, 11 అలాంటివి. మెర్సెన్ అనే ఫ్రెంచి క్రైస్తవ సన్యాసి 1644లో ఒక జాబితా ప్రకటించారు. 2ని ఎన్ని సార్లు వేసి గుణించి ఒకటి తీసేస్తే ప్రధాన సంఖ్య వస్తుందో చెప్పే జాబితా అది: 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257. ఈ చివరి సంఖ్యలను ఆయన ఎలా తేల్చారో ఎవరికీ అంతుపట్టలేదు. 1772లో మహాగణితజ్ఞుడు ఆయిలర్ 31 దగ్గర జాబితా సరైనదేనని రుజువు చేశారు. అక్కడితో బండి ఆగిపోయింది. ఎందుకంటే అప్పటిదాకా తెలిసిన దారి ఒక్కటే: చిన్న ప్రధాన సంఖ్యలతో ఒక్కొక్కదానితో భాగించి చూడటం. 2¹²⁷ – 1 విషయంలో ఆ పని చేయాలంటే వెయ్యి జన్మలెత్తినా చాలదు.

లూకా దారి మార్చారు. భాగించి చూడకుండానే తేల్చే పరీక్ష ఒకటి కనిపెట్టారు. చిన్న ఉదాహరణతో చూస్తే పిల్లలకు కూడా అర్థమవుతుంది. 2⁷ – 1 అంటే 127. ఇది ప్రధాన సంఖ్యా? 3తో మొదలుపెట్టండి. వర్గం చేసి 2 తీసేయండి: 7. మళ్లీ అలాగే: 47. మళ్లీ: 2207. ఇది 127ని మించింది కాబట్టి 127తో భాగించి శేషం ఉంచుకోండి: 48. దాని వర్గంలోంచి 2 తీస్తే 2302, శేషం 16. దాని వర్గంలోంచి 2 తీస్తే 254, శేషం సున్నా. 7 కంటే ఒకటి తక్కువ, అంటే ఆరో పదం దగ్గర సున్నా వచ్చింది. కాబట్టి 127 ప్రధాన సంఖ్య. సున్నా రాకపోతే కాదు. 4తో భాగిస్తే 3 శేషం వచ్చే ప్రధాన ఘాతాలన్నిటికీ ఈ లెక్క పనికొస్తుంది.

చెప్పడానికి సులువే. కానీ 2¹²⁷ – 1 దగ్గర 126వ పదం దాకా వెళ్లాలి. అంటే 39 అంకెల సంఖ్యలను 125 సార్లు వర్గం చేసి, ప్రతిసారీ 39 అంకెల సంఖ్యతో భాగించాలి. ఒక్క అంకె తప్పితే అంతా గోవిందా. కాలిక్యులేటరు లేదు. ఉన్నవి కాగితం, కలం, ఓపిక. చదరంగం బల్లలాగా గళ్లు గీసి, పావులు జరిపినట్టు రెండంకెల పద్ధతిలో ఈ లెక్క చేసే ఉపాయం కూడా లూకా కనిపెట్టారు. ఈనాటి కంప్యూటరు లోపల జరిగే పనికి అది తాత వంటిది.

ఫలితం: 170141183460469231731687303715884105727 ప్రధాన సంఖ్యే. డెబ్బై అయిదేళ్ల పాటు, అంటే 1951 దాకా, ప్రపంచానికి తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య ఇదే. యంత్ర సహాయం లేకుండా మనిషి చేతి లెక్కతో తేల్చిన వాటిలో దీన్ని మించింది ఈ రోజుకీ లేదు.

అయితే లూకా మనసులో తర్వాత్తర్వాత ఒక సందేహం మెదిలింది. అంత పొడుగు లెక్కలో ఎక్కడైనా చెయ్యి జారిందేమోనన్న సందేహం. తన గొప్ప ఫలితాన్ని గురించి ఆయన రాతలన్నీ ఒకే ధీమాతో ఉండవు. 1914లో ఫోకెంబెర్గ్ అనే మరో ఫ్రెంచి గణితజ్ఞుడు మొత్తం లెక్కను మళ్లీ చేసి, ఫలితం సరైనదేనని తేల్చారు. ఆ కబురు వినడానికి అప్పటికి లూకా లేరు.

అదే 1876లో లూకా ఇంకో వింత చేశారు. మెర్సెన్ జాబితాలో ఉన్న 67 తప్పని చూపించారు. 2⁶⁷ – 1 ప్రధాన సంఖ్య కాదు, కానీ దాని కారణాంకాలు ఏమిటో ఆయనకూ తెలియదు. దొంగ ఎవరో తెలియకుండానే దొంగతనం జరిగిందని రుజువు చేయడం లాంటిది ఇది. ఆ కారణాంకాలు దొరికింది 1903లో, అదీ అమెరికాలో. ఫ్రాంక్ నెల్సన్ కోల్ అనే ఆచార్యుడు అమెరికన్ మాథమాటికల్ సొసైటీ సమావేశంలో వేదికెక్కి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా బోర్డు మీద 2⁶⁷ – 1 విలువ కట్టి, పక్కన 193707721ని 761838257287తో గుణించి చూపించి, రెండూ ఒకటేనని తేలాక మౌనంగా వెళ్లి కూర్చున్నారని గణిత లోకంలో ప్రసిద్ధమైన కథ. సభంతా చప్పట్లతో మారుమోగిందట.

లూకాకూ అమెరికాకూ ఉన్న బంధం అంతటితో అయిపోలేదు. 1878లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం నుంచి అమెరికన్ జర్నల్ ఆఫ్ మాథమాటిక్స్ మొదలైంది. దాని మొట్టమొదటి సంపుటంలోనే లూకా తన సిద్ధాంతమంతా ఫ్రెంచిలో సుదీర్ఘంగా ప్రచురించారు.

ఫిబొనాచ్చి పేరు, మన ఛందస్సు

పైన చూసిన 3, 7, 47 అనేవి గాలిలోంచి ఊడిపడ్డవి కావు. 1, 3, 4, 7, 11, 18, 29, 47... ఈ వరుసలో ప్రతి సంఖ్యా దాని ముందున్న రెండింటి మొత్తం. దీన్ని ఇప్పుడు లూకా శ్రేణి అంటారు. దీని అక్క 1, 1, 2, 3, 5, 8, 13 అనే శ్రేణి. దానికి ఫిబొనాచ్చి పేరు స్థిరపడేలా చేసినవారు కూడా లూకాయే. తన పేరు పెట్టుకోకుండా, ఆరు వందల ఏళ్ల కిందటి ఇటలీ పండితుడికి ఆ గౌరవం ఇచ్చారు.

మన వైపు నుంచి ఒక మాట చెప్పుకోవాలి. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు అని ఛందస్సు చదివినవారికి తెలుసు. మూడు మాత్రల పాదాన్ని లఘుగురువులతో మూడు రకాలుగా, నాలుగు మాత్రల పాదాన్ని అయిదు రకాలుగా, అయిదు మాత్రల పాదాన్ని ఎనిమిది రకాలుగా కూర్చవచ్చు. విరహాంకుడు, గోపాలుడు, హేమచంద్రుడు వంటి మన లాక్షణికులు ఫిబొనాచ్చి కంటే ముందే ఈ శ్రేణిని పట్టుకున్నారు. వారికి కావలసింది పద్యం నడక, చేతికి దొరికింది గణితం.

కాశీ గుడి, గోల్కొండ వజ్రాలు

ఇప్పుడు మొదట చెప్పిన ఇరవై అంకెల సంఖ్య దగ్గరికి వద్దాం. 1883లో పారిస్ అంగళ్లలో ఒక కొత్త ఆటవస్తువు కనిపించింది. మూడు కొయ్య మేకులు, ఒకదానికి గుచ్చిన ఎనిమిది బిళ్లలు, అడుగున పెద్దది, పైకి పోయేకొద్దీ చిన్నవి. పేరు హనోయ్ గోపురం. ఒకసారి ఒక్క బిళ్లనే తీయాలి, చిన్నదాని మీద పెద్దది పెట్టకూడదు, గోపురం మొత్తాన్ని ఇంకో మేకుకు మార్చాలి. ఆట కనిపెట్టినవాడు లీసూస్తియాన్ కళాశాలకు చెందిన సయాం దేశపు ఎన్. క్లౌస్ అని పెట్టె మీద అచ్చయి ఉంది. ఫ్రెంచి అక్షరాలను కలగాపులగం చేసి చూస్తే ఆ పేరు అమియెన్ వాసి లూకా అని, కళాశాల సెయింట్ లూయీ అని బయటపడతాయి. మాష్టారు తన పేరును కూడా చిక్కు ప్రశ్న చేశారన్నమాట.

మూడు బిళ్లలకు 7 ఎత్తులు చాలు. ఒక బిళ్ల పెరిగినప్పుడల్లా పాత లెక్కకు రెట్టింపు, పైన ఒకటి. ఎనిమిది బిళ్లలకు 255. ఆటతో పాటు వచ్చిన కాగితంలో ఒక కథ కూడా ఉంది. కాశీలోని ఒక గుడిలో అరవై నాలుగు బంగారు అంతస్తుల గోపురం ఉందనీ, దానికి గోల్కొండ వజ్రాలు పొదిగారనీ, బ్రాహ్మణులు తరతరాలుగా దాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారుస్తున్నారనీ, ఆ పని ముగిసిన నాడు లోకం అంతమవుతుందనీ దాని సారాంశం.

అరవై నాలుగు అంతస్తులకు కావలసిన ఎత్తులు 18446744073709551615. సెకనుకొకటి చొప్పున రాత్రింబగళ్లు జరిపినా దాదాపు 58,450 కోట్ల సంవత్సరాలు పడుతుంది. విశ్వం వయసు ఇప్పటికి సుమారు 1,380 కోట్ల సంవత్సరాలే. కాబట్టి బెంగ పడవలసిన పని లేదు.

ఈ కథను మన ప్రాచీన సంపదగా భావించి పిల్లలకు చెప్పేవారు చాలామంది ఉన్నారు. నిజానికి అది ఆట అమ్ముడుపోవడానికి పారిస్‌లో అల్లిన కథ. అందులో మనదని చెప్పుకోదగింది గోల్కొండ వజ్రాల పేరు ఒక్కటే. ఆ మాట ఒప్పుకున్నంత మాత్రాన మనకు చిన్నతనం లేదు, ఎందుకంటే ఇదే సంఖ్య మీద మనకు నిఖార్సయిన హక్కు వేరే ఉంది. మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. 11వ శతాబ్దం వాడని చెప్పే ఈ కవి చదరంగం గళ్లలో ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అని రెట్టిస్తూ పోతే 64 గళ్లలో వచ్చే మొత్తాన్ని ఒక్క పద్యంలో ఇమిడ్చారు. అదీ ఇదే 18446744073709551615. చంద్రుడంటే 1, వేదాలంటే 4, బాణాలంటే 5, ఆకాశమంటే 0 అన్న సంకేతాలతో, ఒకట్ల స్థానం నుంచి ఎడమకు నడిచే ఆ పద్యంలో ఇరవై అంకెల్లో ఒక్కటీ పొల్లుపోలేదు. కాశీ గుడి కథకు ఆధారం లేదు, మల్లన పద్యానికి ఉంది. పిల్లలకు ఏది చెప్పాలో మనమే తేల్చుకోవాలి.

ఆ మొత్తాన్ని బియ్యం గింజల్లో ఊహించుకుంటే, గింజకు 25 మిల్లీగ్రాముల లెక్కన సుమారు 46,000 కోట్ల టన్నులు. ఇక ఆ సంఖ్య లోపలి అందం చూడండి. దాన్ని విడదీస్తే 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనే ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధం వస్తుంది. ఏదీ రెండోసారి రాదు. ఇందులో మొదటి నాలుగూ, 65537 ఫెర్మా సంఖ్యలు. మిగిలిన 641, 6700417 కలిసి ఇంకో ఫెర్మా సంఖ్య 4294967297ను ఇస్తాయి. ఫెర్మా దాన్ని ప్రధాన సంఖ్య అనుకున్నారు. 1732లో ఆయిలర్ 641తో దాన్ని పగలగొట్టారు. ఆయిలర్ పద్ధతికి మెరుగులు దిద్దినది మన లూకాయే. ఆయన సూత్రం ప్రకారం ఈ సంఖ్య కారణాంకాలను 128తో భాగిస్తే శేషం 1 రావాలి. 641 అంటే 128 అయిదులు 640, పైన ఒకటి. సరిపోయింది.

విందులో విషాదం

లూకా వినోద గణితం మీద నాలుగు సంపుటాలు రాశారు. మొదటిది 1882లో వచ్చింది. చుక్కలు పెట్టి గీతలు కలిపి డబ్బాలు కట్టే ఆట మనమంతా నోటుబుక్కుల వెనక పేజీల్లో ఆడినదే. దాన్ని మొదట అచ్చులో పెట్టింది కూడా ఆయనే. సంఖ్యా సిద్ధాంతం మీద పెద్ద గ్రంథం మొదటి సంపుటం 1891లో వెలువడింది. అందులో ఒక విందు లెక్క ఉంది. గుండ్రటి బల్ల చుట్టూ ఆడవారూ మగవారూ ఒకరి పక్కన ఒకరు కూర్చోవాలి, ఏ భర్తా తన భార్య పక్కన ఉండకూడదు. ఎన్ని రకాలుగా కూర్చోబెట్టవచ్చు? మన బాంక్వెట్ బల్లల్లాగా పది జంటలనుకోండి. ఆడవారు ముందుగా కూర్చున్నాక భర్తలను 4,39,792 రకాలుగా సర్దవచ్చు.

విధి చూడండి. అదే ఏడాది ఒక శాస్త్ర సంఘం వార్షిక సమావేశపు విందులో, వడ్డించే మనిషి చేతిలోంచి పింగాణీ సామాను జారి పగిలింది. ఎగిరిన పెంకు ఒకటి లూకా చెంపను కోసింది. చిన్న గాయమే. కానీ అది చీము పట్టి, చర్మాన్ని వాపెక్కించే ఎరిసిపెలాస్ జ్వరంగా మారింది. పెన్సిలిన్ రావడానికి ఇంకా అర్ధశతాబ్దం ఉంది. 1891 అక్టోబరు 3న పారిస్‌లో లూకా కన్నుమూశారు. వయసు 49 ఏళ్లు. మొదలుపెట్టిన గ్రంథానికి రెండో సంపుటం రానేలేదు. వినోద గణితం చివరి రెండు సంపుటాలు ఆయన పోయాకే అచ్చయ్యాయి.

ఆ తర్వాత

1930లో లేమర్ అనే అమెరికన్ గణితజ్ఞుడు లూకా పరీక్షను అన్ని బేసి ప్రధాన ఘాతాలకూ పనికొచ్చేలా సరళం చేశారు. 1952లో లాస్ ఏంజెలెస్‌లోని ఒక తొలితరం కంప్యూటరుకు రాబిన్సన్ అనే ఆచార్యుడు ఈ పరీక్షను ప్రోగ్రాముగా రాసి ఇస్తే, మొదటిరోజే 2⁵²¹ – 1 ప్రధాన సంఖ్యని అది తేల్చింది. 1996 నుంచి ప్రపంచమంతటా ఔత్సాహికులు తమ కంప్యూటర్ల ఖాళీ సమయాన్ని కలిపి ఇలాంటి సంఖ్యల కోసం వెతుకుతున్నారు. 2024 అక్టోబరులో వారికి దొరికిన ప్రధాన సంఖ్యలో 4,10,24,320 అంకెలున్నాయి. 2ని 13,62,79,841 సార్లు వేసి గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది అది. దాన్ని చివరగా ఖాయం చేసింది కూడా లూకా, లేమర్ల పరీక్షే.

బడి గంట కొట్టాక ఇంటికి వెళ్లి గళ్ల కాగితం ముందు కూర్చున్న ఒక మాష్టారు నాటిన విత్తనం ఇది. పెద్ద పదవి రాలేదు, తన లెక్క సరైనదేనన్న పూర్తి భరోసా కూడా బతికుండగా దక్కలేదు. అయినా ఆయన ఆటను పనిలాగా, పనిని ఆటలాగా చేసుకుపోయారు. ఈ పండుగ ముగిసి ఇళ్లకు చేరాక, పిల్లల చేతిలోని ఫోను కాసేపు పక్కన పెట్టించి మూడు నాణేలతో హనోయ్ గోపురం ఆడించండి. ఏడెత్తుల్లో ముగించగలిగితే నాలుగో నాణెం ఇవ్వండి. మల్లన పద్యం సంగతి కూడా ఆ వంకన వాళ్ల చెవిన పడుతుంది.